అప్పీలు వేసే ముందు

అమ్మాయ్,

తీర్పు వచ్చిన సాయంత్రమే ఫోన్ చేసి, "పెదనాన్నా, హైకోర్టుకి వెళ్తాను, వదిలిపెట్టను" అన్నావు. నీ గొంతు విన్నాక ఇవి ఫోన్లో చెప్పే మాటలు కావనిపించి రాస్తున్నాను. వెళ్ళొద్దని నేననను. దేనికోసం వెళ్తున్నావో, అందులో ఏది దొరుకుతుందో, ఏది ఎంత పోరాడినా దొరకదో ముందు తేల్చుకోమంటాను. ప్లీడరు గుమాస్తాగా గుడివాడ, బందరు కోర్టుల వరండాల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. కోపం మీద వేసిన అప్పీళ్ళ కట్టలు మోశాను. వేయాల్సిన అప్పీలు గడువు దాటిపోయి ఊరికే ఇంటికి వెళ్ళిన ఆడపిల్లల్నీ చూశాను. ఆ పిల్లల మొహాలే నాకు ఎక్కువ గుర్తు.

అందుకని ముందు గడువు సంగతి. నీ తీర్పు ఫ్యామిలీ కోర్టుది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ అప్పీలుకి 30 రోజులంటుంది. హిందూ వివాహ చట్టం 28వ సెక్షన్, 2003లో సవరించిన తర్వాత, 90 రోజులంటుంది. ఈ రెండిట్లో ఏది చెల్లుతుందని హైకోర్టుల్లో చాలా వాదోపవాదాలు నడిచాయి. బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచి 90 అని చెప్పింది. ఆ తీర్పు పట్టుకొచ్చి "ఇంకా బోలెడు టైముంది" అనేవాళ్ళు నీకు తగులుతారు. వినకు. నీకు 30 రోజులే ఉన్నాయనుకుని కదులు. ఊడ్పులకి అదను ఎలాగో అప్పీలుకీ అలాగే. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసుకోవచ్చు, నిజమే. కానీ రోజు రోజుకీ సంజాయిషీ చెప్పుకుంటూ నిలబడాలి, అసలు బాధ చెప్పుకునే వేళకి సగం ఓపిక అక్కడే అయిపోతుంది.

రేపే తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీలకి దరఖాస్తు పెట్టు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాపీ తయారైన రోజు దాకా పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం గడువులో కలపదు. కాపీ వెనకాల ఆ తేదీలన్నీ ముద్ర కొట్టి ఉంటాయి, లెక్క వాటినిబట్టే. దరఖాస్తే పెట్టకుండా ఇంట్లో కూర్చున్న రోజులు మాత్రం నీ ఖాతాలోనే పడతాయి.

కాపీ చేతికొచ్చాక దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా తెలుగులో చెప్పించుకో. నీకు ఇంగ్లీషు వచ్చు, గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నదానివి, నాకు తెలుసు. అయినా సరే, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఒక్కో పేరా తెలుగులో చెప్పించుకుంటే, జడ్జిగారు దేన్ని నమ్మారో, దేన్ని నమ్మలేదో, ఎందుకు నమ్మలేదో తేటగా కనిపిస్తుంది. మన పక్కనే అంగలూరులో పుట్టిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి డబ్లిన్‌లో బారిస్టరు చదివి వచ్చిన మనిషి. పెళ్ళిలో చదివేది పెళ్ళి చేసుకునేవాళ్ళకి అర్థం కావాలని 'వివాహ విధి' రాసి, తెలుగులో పెళ్ళిళ్ళు చేయించాడు. పెళ్ళికే అంత అవసరమైతే ఆ పెళ్ళిని తెంచిన కాగితం ఇంకెంత అర్థం కావాలి? నువ్వు ఫోన్లో చెప్పిందంతా తీర్పు చివరి పేజీలోది. అప్పీలు పుట్టేది మధ్య పేజీల్లో.

ఇక ఆస్తి. నీ బాధంతా ఇంటి గురించి. "పదకొండేళ్ళు కాపరం చేశాను, నా జీతంలోంచి ఈఎంఐ కట్టాను, సగం ఇల్లు నాది కాదా?" అన్నావు. న్యాయంగా చూస్తే నీదే. కానీ చట్టం అలా లేదు తల్లీ, ఇది నీకు ఎవరూ ముఖాన చెప్పి ఉండరు. మన దేశంలో విడాకులైతే మొగుడూ పెళ్ళాల ఆస్తి మొత్తం కలిపి పంచే చట్టం హిందువులకి లేదు. గోవాలో పోర్చుగీసుల కాలపు సివిల్ కోడ్ మిగిలి ఉండబట్టి అక్కడ మాత్రం మామూలుగా చెరిసగం. మిగతా చోట్ల దస్తావేజు ఎవరి పేరున ఉందో, డబ్బు ఎవరు పెట్టారో, అదే ప్రశ్న. భర్త ఆస్తిలో భార్యకి వాటా ఇచ్చేలా ఒక సవరణ బిల్లు 2010లో పార్లమెంటుకి వచ్చింది. 2013లో రాజ్యసభ దాటింది. లోక్‌సభలో తేలకుండానే 2014లో ఆ సభ గడువు ముగిసి బిల్లు మురిగిపోయింది. అది చట్టమై ఉంటే నీలాంటి వాళ్ళు ఎంతమంది నిలదొక్కుకునేవాళ్ళో అని ఇప్పటికీ అనుకుంటుంటాను.

డాలస్‌లో ఉన్న మీ పిన్ని కూతురు "అక్కా, ఇక్కడైతే సగం ఇచ్చేవాళ్ళు" అందని చెప్పావు. ఆ పిల్ల చెప్పింది అక్కడి మాట. కాలిఫోర్నియాలో పెళ్ళయ్యాక సంపాదించింది చెరిసగం. ఆ పిల్ల ఉన్న టెక్సాస్‌లో ఉమ్మడి ఆస్తే గానీ కోర్టు తనకి న్యాయమనిపించిన పాళ్ళలో పంచుతుంది. అక్కడా అప్పీలు గడువులు చిన్నవే, టెక్సాస్‌లో 30 రోజులు. అక్కడి తీర్పు ఇక్కడ గుడ్డిగా చెల్లదు కూడా. 1975లో తిరుపతిలో పెళ్ళయిన ఒక జంటలో భర్త అమెరికా వెళ్ళి, మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, 1991లో మన సుప్రీంకోర్టు ఆ విడాకుల్ని ఒప్పుకోలేదు. అక్కడి చట్టం అక్కడిది, నీ కాగితాలు ఇక్కడివి.

నీ ఇంటి సంగతికొస్తే, స్థలం మీ అత్తగారి పేరున ఉంది. ఆవిడ కేసులో పార్టీ కూడా కాదు. ఆ స్థలంలో డాబా లేచింది కాబట్టి సగం నీకు రాసిమ్మని హైకోర్టు అనడం దాదాపు జరగని పని. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద కోర్టు పంచగలిగింది పెళ్ళి సందర్భంలో ఇద్దరికీ కలిపి వచ్చిన వస్తువుల్ని. ఆ ఇల్లు దాని కిందికి రాదు. కాబట్టి అప్పీలు మెమోలో 'సగం ఇల్లు' మొదటి అభ్యంతరంగా పెట్టించకు. అది చూసి జడ్జీలు మిగతావాటినీ అదే దృష్టితో చదివే ప్రమాదముంది. నువ్వు ఈఎంఐ కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం పారేయకు. శాశ్వత భరణం తేల్చేటప్పుడు ఇద్దరి ఆస్తులూ ఆదాయాలతోపాటు మిగతా పరిస్థితుల్నీ చూడాలని 25వ సెక్షన్ చెబుతుంది. నీ జీతం ఆ ఇంటికి పోయిందన్న సంగతి అక్కడ పనికొస్తుంది. ఇల్లు రాకపోయినా ఇంట్లో పోసిన డబ్బు భరణం మొత్తంలో కనిపించాలని అడగాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఆ ఇంటి అప్పు మీద నువ్వు కూడా సంతకం పెట్టావు. మీ ఇద్దరి మధ్య వచ్చిన తీర్పు బ్యాంకుని కట్టిపడేయదు. అతను వాయిదాలు ఎగ్గొడితే నోటీసు నీకూ వస్తుంది. అప్పీలు సంగతి ఎలా ఉన్నా, అప్పులోంచి నీ పేరు తీసేయించే షరతు కోసం పట్టుబట్టు. రాజీ మాటలు నడిస్తే ఇది అందరూ మర్చిపోయే షరతు.

పొలం గురించి నువ్వు భయపడక్కర్లేదు. పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరం మీ నాన్న రిజిస్టరు చేయించాడు, పాసు పుస్తకం నీ పేరునే ఉంది. నోటిమాటగా ఇచ్చి వదిలేసిన ఇళ్ళలో ఎన్ని ఇబ్బందులో నాకు తెలుసు, స్థిరాస్తి దానం రిజిస్టరు దస్తావేజు లేకుండా నిలవదు. నీది నిలుస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అది పూర్తిగా నీ సొంతం, అతనికి అందులో గింజ కూడా రాదు. తీర్పులో అసలు చిక్కు వేరే ఉంది. నీకు పొలముంది కాబట్టి ఆదాయముందని చెప్పి భరణం తగ్గించారు. ఆ పొలం కౌలు బస్తాలు ఇన్నాళ్ళూ ఎవరి ఇంటికి చేరాయో జడ్జిగారికి ఎవరు చెప్పారు? మీ అత్తగారు తీసుకున్నారని నువ్వు నాతో అన్నావు. సాక్ష్యంలో ఆ ముక్క ఉందా, లేదా? ఉంటే అది అప్పీలుకి బలమైన అంశం. లేకపోతే ఇప్పుడు కొత్తగా చేర్చడం తేలిక కాదు. కింది కోర్టులో పెట్టగలిగి ఉండి పెట్టని కాగితాన్ని అప్పీలు కోర్టు ఊరికే తీసుకోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 27వ రూలు కింద కారణం చూపించి అడగాలి, ఆ కారణం గట్టిది కావాలి. ఈ సీజను నుంచి మాత్రం కౌలు రైతుతో నువ్వే మాట్లాడుకో, డబ్బు నీ బ్యాంకు ఖాతాలోనే వేయించుకో.

ఇప్పుడు బంగారం. నా లెక్కలో నీ అప్పీలు నిలిచేది ఇక్కడే. ముప్ఫై కాసులు పెట్టి పంపాం. బిల్లులు పూర్తిగా లేవని, ఇంట్లోంచి వచ్చేసిన వెంటనే ఫిర్యాదు చేయలేదని చెప్పి ఆ కోరిక కొట్టేశారు. ఆల్బమ్‌లో నగలన్నీ కనిపిస్తున్నాయి, సాక్షులు చెప్పారు, అయినా కొట్టేశారు. ఇది విన్నప్పుడు నాకు కేరళ కేసు ఒకటి గుర్తొచ్చింది. 2003లో పెళ్ళయిన ఒకామెకి పుట్టింటివాళ్ళు 89 సవర్ల బంగారం పెట్టారు. భద్రంగా దాస్తామని భర్తవైపు వాళ్ళు తీసుకుని, తమ పాత అప్పులకి వాడుకున్నారని ఆవిడ చెప్పింది. 2011లో ఫ్యామిలీ కోర్టు ఆవిడ మాట నమ్మింది. 2022లో హైకోర్టు, రుజువు చాలదని ఆ తీర్పుని తిప్పేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుని పక్కన పెట్టి, 25 లక్షలు ఇమ్మంది. స్త్రీధనం ఆమె సొంత ఆస్తి, భర్తకి దాని మీద పెత్తనం లేదు, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే అని చెప్పింది. అంతకంటే నీకు పనికొచ్చే మాట ఇంకొకటుంది. ఇలాంటి కేసుల్లో క్రిమినల్ కేసులో అడిగినంత రుజువు అడగకూడదని, ఏ పక్షం మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో చూడాలని, వెంటనే అడగలేదన్న కారణంతో ఆడపిల్లని అనుమానించకూడదని అంది. నీ తీర్పులో జరిగిన తప్పు సరిగ్గా అదే. మన ఇళ్ళలో ఏ కొత్త కోడలు తన నగలకి రసీదు రాయించుకుంటుంది? ఇచ్చిపుచ్చుకున్నవాటికి జాబితా రాసి సంతకాలు పెట్టుకోవాలని 1985 నుంచీ రూల్సు ఉన్నాయి, ఏ పెళ్ళిలోనూ నేను ఆ జాబితా చూడలేదు.

ఆ కేసులో సంవత్సరాలు కూడా చూడు అమ్మాయ్. 2011లో గెలిచిన మనిషికి 2024లో డబ్బు. ఈ పదమూడేళ్ళు నీకు ముందే తెలిసుండాలని రాస్తున్నాను, తెలిసి దిగితే మధ్యలో విరిగిపోవు.

భరణం మొత్తం గురించి. మొదటి అప్పీలులో హైకోర్టు సాక్ష్యాన్ని మళ్ళీ మొదటినుంచీ చూడగలదు, ఇద్దరు జడ్జీల బెంచి వింటుంది. కాబట్టి తక్కువిచ్చారని అడగడం తప్పు కాదు. అయితే 'చాలలేదు' అన్న మాట ఒక్కటే సరిపోదు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు భరణం కేసుల్లో రెండు పక్షాలూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌గా ఇవ్వాల్సిందేనని చెప్పింది. అతని అఫిడవిట్ తీసి చూడు. చేపల చెరువుల వాటా అందులో ఉందా? లేకపోతే, ఆ సంగతి నీ ప్లీడరు క్రాస్‌లో అడిగాడా? ఈ రెండు ప్రశ్నలకి జవాబులు దొరికాక, అడగాల్సింది దానంతటదే తెలుస్తుంది. మరో సంగతి, నెలనెలా ఇచ్చే భరణమైతే పరిస్థితులు మారినప్పుడు పెంచమనో తగ్గించమనో అదే కోర్టుని అడగొచ్చు, దానికి అప్పీలు అక్కర్లేదు. నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆపేయమని అతను అడగొచ్చు. నీకు మొత్తంగా ఇచ్చారు కాబట్టి ఆ పేచీ లేదు, పెంచుకునే దారి మాత్రం ఈ అప్పీలే.

నువ్వు వేస్తే అతనూ ఊరుకోడు. నీ అప్పీలు నోటీసు అందాక అతను క్రాస్ అబ్జెక్షన్లు వేసి, ఇచ్చినదే ఎక్కువ అనొచ్చు. ఇప్పుడు చేతిలో ఉన్నది కూడా చర్చలోకి వస్తుంది. ఇది భయపెట్టడానికి కాదు, నీ ప్లీడర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే గనుక. అతను డబ్బు కోర్టులో కడితే, తీసుకునే ముందు, అప్పీలు హక్కు వదులుకోవడం లేదని మెమో వేయించి తీసుకో. అతనే అప్పీలు వేస్తే, వేసినంత మాత్రాన నీ డిక్రీ ఆగదు. స్టే తెచ్చుకుంటేనే ఆగుతుంది. అప్పటిదాకా నువ్వు ఈపీ, అంటే డిక్రీ అమలు పిటిషన్, వేసి వసూలు చేసుకోవచ్చు, స్టే అడిగితే కొంత డబ్బు కట్టించమని అడగొచ్చు.

ఈ పేరా మీ నాన్నకి చదివి వినిపించు. తమ్ముడూ, నీ కోపం నాకు తెలుసు. పొలం అమ్మైనా వాణ్ణి కోర్టుల చుట్టూ తిప్పుతానంటున్నావట. తెలంగాణలో ఒక తండ్రి ఇలాగే కూతురికి 1999లో పెట్టిన నలభై కాసుల బంగారం తిరిగి ఇమ్మని 2021లో పాత వియ్యంకుల మీద కేసు పెట్టాడు. అప్పటికి కూతురు అమెరికాలో విడాకులు తీసుకుని, పంపకాలు రాసుకుని, మళ్ళీ పెళ్ళి కూడా చేసుకుంది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. స్త్రీధనం ఆమెది, ఆమె అడగమనకుండా అడిగే హక్కు తండ్రికి లేదంది. బంగారం నువ్వు కొన్నావు, కష్టం నీది, కాదనను. కానీ కేసు అమ్మాయిది. ఎంతదాకా వెళ్ళాలో, ఎక్కడ ఆపాలో పిల్లే చెప్పాలి. ఇంకొకటి కూడా, కోర్టు ఖర్చు పెట్టాను కాబట్టి పుట్టింటి ఆస్తిలో హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టమని పిల్లని అడగకు. పక్కనున్న నిమ్మకూరు నుంచి వెళ్ళిన రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా వాటా ఇచ్చారు. దేశమంతా ఆ పని చేయడానికి 2005 దాకా పట్టింది. ఆ హక్కుని మన ఇంట్లో మనమే తీసేసుకోవద్దు.

మళ్ళీ నీతో. రాజీకి పిలిస్తే వెళ్ళు. 1999లో పెళ్ళయిన ఒక జంట విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో ఒకలా, 2006లో హైకోర్టులో మరోలా తేలి, చివరికి 2013లో సుప్రీంకోర్టులో ముగిసింది. విడాకులిచ్చి, భర్త 15 లక్షలు కట్టాలంది. కొన్ని రోజుల కాపరం కూడా చేయని ఆ ఇద్దరి వయసంతా ఆ ఫైళ్ళలో పోయింది. అదే తీర్పులో, ఇలాంటి తగాదాలు మొదట్లోనే మీడియేషన్‌కి పంపాలని కింది కోర్టులకి చెప్పింది. అప్పీలు స్థాయిలో కూడా మీడియేషన్ అడగొచ్చు. బంగారానికి ఒక మొత్తం, భరణానికి కొంత పెంపు, అప్పులోంచి నీ పేరు తీసివేత, ఈ మూడూ ఒక కాగితం మీదికొస్తే నేనైతే తీసుకోమంటాను. కానీ సంతకం పెట్టేముందు గుర్తుంచుకో, ఒప్పుకుని రాసుకున్న డిక్రీ మీద అప్పీలు లేదు. లోక్ అదాలత్ అవార్డు మీద కూడా లేదు. అప్పుడు మాత్రం తొందర వద్దు, ఒక రాత్రి ఆగి, మర్నాడు పెట్టు.

నెల భరణం కోసం నువ్వు విడిగా వేసిన కేసులో వచ్చిన ఆర్డరుని దీంతో కలపకు. దాని మీద అప్పీలు ఉండదు, రివిజన్ వేయాలి. రెండూ ఒకే ప్లీడరుకి ఇచ్చినా కాగితాలు రెండు కట్టలుగా పెట్టుకో.

ఖర్చు గురించి మొహమాటపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. బందరులో జిల్లా న్యాయసేవల సంస్థ ఉంది, హైకోర్టులో విడిగా కమిటీ ఉంది. అక్కడ అడగడం చిన్నతనం కాదు. సొంతంగా ప్లీడర్ని పెట్టుకుంటే, ఫీజు ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకో. ఒకప్పుడు హైకోర్టంటే హైదరాబాదు ప్రయాణం, రాత్రి బండి, సత్రం గది. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు మనకి వచ్చింది. గుడ్లవల్లేరులో పొద్దున బండెక్కితే బెజవాడ మీదుగా నేలపాడు వెళ్ళి, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ప్రతి వాయిదాకీ నువ్వు వెళ్ళక్కర్లేదు కూడా.

కాపీ రాగానే తీసుకుని మా ఇంటికి రా. నాన్నని తీసుకురాకు, అమ్మని తీసుకురా. పెళ్ళి ఆల్బమ్, నగల కొట్టులో దొరికినన్ని బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాసు పుస్తకం, అతని అఫిడవిట్, నీ క్రాస్ ఎగ్జామినేషన్ కాగితాలు ఒక సంచీలో పెట్టుకో. ఇద్దరం కూర్చుని ముందు బంగారం పేరాలు చదువుదాం, తర్వాత భరణం. ఇంటి పేరాలు ఆఖర్న చదువుదాం, అప్పటికి నీకు ఓపికుంటే.

మీ పెదనాన్న